భుజం నొప్పి భుజానిదేనా?



కొన్నేళ్ళ కిందట ఒక పెద్దావిడ కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కుడి భుజం వెనక, రెక్క ఎముక కింద నొప్పి. ఎనిమిది నెలలుగా వస్తూ పోతూ ఉంది. ఇంట్లో అమృతాంజనం రాశారు. ఉప్పు మూటతో కాపడం పెట్టారు. జిల్లేడాకులకు ఆముదం రాసి, సెగ చూపించి కట్టారు. ఊళ్ళో డాక్టరు నొప్పి ఇంజక్షన్ చేస్తే రెండు రోజులు తగ్గి, మూడో రోజు మళ్ళీ మొదటికొచ్చింది. పట్నం తీసుకెళ్ళి భుజానికి ఎక్స్‌రే తీయిస్తే ఎముకలో ఏ లోపమూ లేదన్నారు. దాంతో ఇంట్లో కొత్త బాధ మొదలైంది. ఎక్స్‌రే బాగున్నాక ఇంకా నొప్పేమిటి, పని తప్పించుకోవడానికి అంటోందేమోనని ఎవరో పైకే అనేశారట. ఆ మాట చెప్తూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, ఆ చెయ్యి ఒకసారి పైకెత్తండి" అన్నాను. ఎత్తింది. వీపు వెనక్కి పెట్టమన్నాను. పెట్టింది. ఊడిన జుట్టును రెండు చేతులతో పైకి దోపి కొప్పు ముడి వేసుకుంది కూడా. మొహంలో బాధ లేదు. భుజం కీలు మీద, రెక్క ఎముక చుట్టూ నొక్కి చూశాను. ఎక్కడా అబ్బా అనలేదు. నొప్పి ఎప్పుడొస్తుందని అడిగితే కూతురు చెప్పింది: "రాత్రిళ్ళండీ. అన్నం తిన్న గంటకో రెండు గంటలకో. మొన్న మా పాప ఓణీల ఫంక్షన్ రోజయితే మరీనూ. తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంది." ఆ రోజు ఆవిడ తిన్నవి గారెలు, నేతి బొబ్బట్లు.

నేను భుజానికి ఏమీ రాయలేదు. పొట్టకు అల్ట్రాసౌండ్ స్కానింగ్ రాశాను. "నొప్పి రెక్కలో అయితే పొట్టకు స్కానింగ్ ఎందుకండీ?" అని కూతురు అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఈ పూట నేను మాట్లాడబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్ళు కనిపించాయి. పిత్తాశయం అంటే కాలేయానికి అంటుకుని, కుడి పక్కటెముకల కింద ఉండే చిన్న సంచి. కాలేయం తయారుచేసే పైత్యరసం అందులో నిలవ ఉంటుంది. మనం నెయ్యి, నూనె ఎక్కువున్న తిండి తిన్నప్పుడు ఆ సంచి గట్టిగా ముడుచుకుని రసాన్ని పేగులోకి పంపుతుంది. లోపల రాయి ఉండి, అది సంచి మూతికి అడ్డం పడితే ముడుచుకున్నప్పుడల్లా నొప్పి. ఆ నొప్పి కొందరికి పొట్ట పైభాగంలో తెలుస్తుంది, కొందరికి వెనక్కి పాకి కుడి రెక్క ఎముక కింద తెలుస్తుంది, కొందరికి అక్కడే ఎక్కువగా తెలుస్తుంది. ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేశాక ఆవిడ రెక్క నొప్పి మళ్ళీ రాలేదు. ఎనిమిది నెలలు మనం మందు రాసిన భుజానికి అసలు జబ్బే లేదు.

లోపల జబ్బు ఉన్నచోట కాకుండా వేరేచోట నొప్పి తెలియడం ఎందుకు జరుగుతుంది? మన శరీరంలో చర్మం ఉంది, లోపలి అవయవాలు ఉన్నాయి. రెండింటి నుంచీ నరాలు వెన్నుపాముకే చేరతాయి. చర్మం నుంచి వచ్చే నరాలు లెక్కలేనన్ని. చీమ కుట్టినా ఏ వేలి మీద కుట్టిందో ఇట్టే చెప్పగలం. లోపలి అవయవాల నుంచి వచ్చేవి బాగా తక్కువ. అవి వెన్నుపాములో తమకంటూ వేరే దారి లేక, చర్మం నుంచీ కండరాల నుంచీ వచ్చిన నరాలు చేరే కణాల మీదికే వచ్చి చేరతాయి. అక్కణ్ణుంచి మెదడుకు పోయే కబురు ఒకటే. పుట్టినప్పటి నుంచీ ఆ దారిలో మెదడు విన్నవి భుజం కబుర్లే. బరువు మోసినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు, చలేసినప్పుడు. కాబట్టి ఈసారి కబురు పంపింది పిత్తాశయమే అయినా, మెదడు అలవాటుకొద్దీ భుజమే పంపిందనుకుంటుంది. అందుకని ఆ నొప్పి అబద్ధం కాదు. ఊహ కాదు. నాటకం అసలే కాదు. నొప్పి నిజం, చిరునామా ఒక్కటే తప్పు.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. నాకు వైద్యవిద్యలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది ఇదే. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా పరుచుకున్న ఒక పల్చని కండరం ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఉదరవితానం అంటారు, డాక్టర్లు డయాఫ్రం అంటారు. మనం ఊపిరి తీసుకునేది ప్రధానంగా దాంతోనే. దాని కింద కుడివైపు కాలేయం, ఎడమవైపు జీర్ణకోశం, ప్లీహం ఉంటాయి. దాని మీద గుండె, ఊపిరితిత్తులు ఆనుకుని ఉంటాయి. పక్కటెముకల అడుగున ఉన్న ఈ కండరానికి నరం ఎక్కణ్ణుంచి రావాలి? దగ్గర్లో ఉన్న నడుము నుంచో వీపు నుంచో రావాలి కదా. రాదు. మెడ నుంచి వస్తుంది. మెడలో మూడు, నాలుగు, ఐదు నంబర్ల నరాల నుంచి బయల్దేరి, గుండె పక్కగా దిగి, అంత దూరం వచ్చి డయాఫ్రాన్ని చేరుతుంది.

ఎందుకంటే డయాఫ్రం పుట్టింది మెడ దగ్గరే. తల్లి కడుపులో పిండానికి నాలుగు వారాల వయసున్నప్పుడు డయాఫ్రానికి మొలక మెడ దగ్గర ఉంటుంది. తర్వాత నాలుగైదు వారాల్లో శరీరం పెరిగే కొద్దీ అది కిందికి దిగుతుంది, తన నరాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. పెళ్ళయి దూరపు ఊరికి కాపురానికి వెళ్ళిన ఆడపిల్ల కష్టం వస్తే పుట్టింటికే కబురు పెట్టినట్టు, డయాఫ్రం తన బాధను ఇప్పటికీ మెడకే చెప్పుకుంటుంది. భుజం పైభాగాన, చొక్కా కుట్టు పడేచోట చర్మానికి స్పర్శ ఇచ్చే నరాలు కూడా ఆ మెడలోని మూడు, నాలుగు నంబర్లవే. అందుకే డయాఫ్రం కింద రక్తం చేరినా, చీము చేరినా, గాలి చేరినా నొప్పి భుజం కొసలో తెలుస్తుంది. కుడివైపు అయితే కుడి భుజం, ఎడమవైపు అయితే ఎడమ భుజం.

పొట్టలో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్ల తర్వాత దీన్ని ఎవరైనా చూడవచ్చు. ఆ ఆపరేషన్‌లో లోపల చోటు కోసం కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. ఎంత తీసేసినా కొంత మిగిలి డయాఫ్రం కిందకు చేరుతుంది. మర్నాడు పేషెంటు లేచి "పొట్ట బాగానే ఉంది, భుజాలు పీకుతున్నాయేమిటి?" అంటారు. నేను చెప్పిన పెద్దావిడ కూడా అదే అడిగింది, రాయి మిగిలిపోయిందేమోనని కంగారుపడింది. రెండు మూడు రోజుల్లో వాయువు ఒంట్లో ఇంకిపోయింది, నొప్పీ పోయింది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే పేషెంటుకు చెప్పాలి. చెప్పడానికి అర నిమిషం చాలు.

లోపలి జబ్బుకూ పైన తెలిసే నొప్పికీ ఉన్న ఈ సంబంధాన్ని ఓపికగా పటం గీసినవాడు హెన్రీ హెడ్ అనే ఇంగ్లండు వైద్యుడు. గుండె, కాలేయం, జీర్ణకోశం జబ్బులతో వచ్చిన రోగుల చర్మాన్ని అంగుళం అంగుళం తడిమి, ఏ అవయవం జబ్బుకు చర్మం మీద ఎక్కడ నొప్పి తెలుస్తుందో గుర్తించి, 1893లో బ్రెయిన్ అనే పత్రికలో ప్రచురించాడు. తర్వాత సర్పి వ్యాధిని ఆధారం చేసుకుని, వెన్నుపాములోని ఏ నరం చర్మంలో ఏ పట్టీకి పోతుందో తేల్చాడు. 1903లో ఏకంగా తన ఎడమ ముంజేతి నరాన్నే కోయించుకుని, స్పర్శ ఎలా తిరిగి వస్తుందో మిత్రుడు రివర్స్‌తో కలిసి నాలుగేళ్ళపాటు పరీక్షించుకున్నాడు. నొప్పిని అర్థం చేసుకోవడానికి అంత దూరం వెళ్ళిన మనిషి.

1893 అంటే మనకూ గుర్తుండవలసిన సంవత్సరమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది ఆ ఏడే. ఆ పసుపుపచ్చని మందు తెలుగు ఇళ్ళలో ఎన్ని తలనొప్పులకు, ఎన్ని ఒళ్ళునొప్పులకు ఊరటనిచ్చిందో. నేను దాన్ని వద్దనడం లేదు. కండరం పట్టేస్తే రాసుకోండి, కాపడం పెట్టుకోండి. ఏ లేపనమైనా చర్మానికీ దాని కింది కండరానికీ ఉపశమనం ఇస్తుంది. పిత్తాశయంలో రాయిని అది కరిగించలేదు, గుండె రక్తనాళంలో అడ్డును తొలగించలేదు. కాబట్టి రాసేముందు ఆ నొప్పి ఎవరిదో తెలుసుకోవాలి.

తెలుసుకోవడం ఎలా? ముందు భుజాన్నే అడగాలి. చెయ్యి ముందు నుంచి పైకెత్తి చెవిని తాకించండి. పక్కకు ఎత్తండి. వీపు వెనక్కి పెట్టి బొటనవేలు ఎంత పైకి పోతుందో చూడండి. మోచెయ్యి నడుముకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పండి. భుజం కీలుకో, దాని చుట్టూ ఉన్న కండరాలకో జబ్బు ఉంటే వీటిలో ఏదో ఒకటి సాధారణంగా నొప్పెడుతుంది, లేదా కదలిక మధ్యలో ఆగిపోతుంది. జడ వేసుకోలేకపోవడం, రవిక హుక్కులు పెట్టుకోలేకపోవడం, అటక మీద డబ్బా అందుకోలేకపోవడం, స్నానంలో వీపు రుద్దుకోలేకపోవడం, ఆ పక్కకు తిరిగి పడుకుంటే మెలకువ రావడం: ఇవన్నీ భుజం సొంత నొప్పి లక్షణాలు. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్యవారికి, ముఖ్యంగా షుగరు ఉన్నవారికి భుజం అలా బిగుసుకుపోవడం చాలా మామూలు. దానికి వైద్యం ఉంది, ఓపికగా వ్యాయామం చేస్తే తగ్గుతుంది.

చెయ్యి అన్ని వైపులకూ హాయిగా తిరుగుతూ, ఎక్కడ నొక్కినా నొప్పి లేకుండా, అయినా భుజం నొప్పి అంటున్నారంటే మాత్రం భుజాన్ని వదిలిపెట్టి మిగతా శరీరం వైపు చూడాలి. ఈ పరీక్ష నూటికి నూరుపాళ్ళు తేల్చేస్తుందని అనను. చాలా రోజులు లోపలి నొప్పి సాగితే పైన కండరం కూడా బిగుసుకుని, నొక్కితే నొప్పెట్టడం మొదలవుతుంది. బిగుసుకున్న భుజమూ గుండెజబ్బూ రెండూ ఒకే మనిషికి ఉండనూ వచ్చు, షుగరు ఉన్నవాళ్ళలో అది అరుదు కాదు. అయినా ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా, ఒక్క నిమిషంలో చేసుకోగలిగిన పరీక్షల్లో ఇంత విలువైనది ఇంకొకటి నాకు తెలియదు.

వేరేచోటి నుంచి భుజానికి వచ్చే నొప్పుల్లో ఎక్కువగా కనిపించేది మెడదే. మెడ పూసల మధ్య నరం నొక్కుకుంటే నొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగుతుంది. బొటనవేలో, మధ్యవేలో తిమ్మిరెక్కుతుంది. మెడ వెనక్కి వంచి ఆ పక్కకు తిప్పితే పెరుగుతుంది. కొందరు ఆ చెయ్యి ఎత్తి అరచెయ్యి నెత్తి మీద పెట్టుకుని వస్తారు, అలా పెట్టుకుంటే హాయిగా ఉందంటారు. నరం మీద లాగుడు తగ్గడం వల్ల కలిగే హాయి అది. ఇలాంటివారిలో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేకుండానే తగ్గిపోతుంది. చేతిలో బలం తగ్గుతున్నా, నడకలో తూలుతున్నా మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఇక గుండె. లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు 1768లోనే గుండెపట్టు గురించి వర్ణిస్తూ, అది నడిచేటప్పుడు వస్తుందనీ, ఆగితే పోతుందనీ, ఎడమ చేతికి పాకుతుందనీ చెప్పాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ వర్ణనలో మార్చవలసింది లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక గీత కార్మికుడి సంగతి చెప్తాను. నలభై ఆరేళ్ళవాడు. చిన్నప్పటి నుంచీ తాటిచెట్లు ఎక్కుతున్నాడు. ఎడమ భుజం నొప్పి. చెట్టెక్కుతుంటే వస్తుంది, దిగి కాసేపు కూర్చుంటే పోతుంది. రోజూ మోకు పట్టి బరువు లాగే మనిషికి భుజం నొప్పి వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఇంట్లోవాళ్ళూ అదే అనుకున్నారు. మాలిష్ చేయించుకున్నాడు, కట్టు కట్టించుకున్నాడు, రెండు నెలలు పోయాయి.

నేను అడిగింది ఒక్కటే: "చెట్టెక్కకుండా, చేతులు ఆడించకుండా, ఉత్తినే గబగబా నడిస్తే వస్తుందా?" కాసేపు ఆలోచించాడు. "వస్తది సార్. మొన్న బస్సు పోతుంటే ఉరికిన, అప్పుడు గిట్ల వచ్చింది" అన్నాడు. బస్సు కోసం పరుగెత్తేటప్పుడు భుజానికి పనేమిటి? పని ఉన్నది గుండెకు. యాంజియోగ్రాం చేస్తే గుండె రక్తనాళంలో అడ్డు కనబడింది. సకాలంలో స్టెంటు వేశారు. భుజం ఆడిస్తే వచ్చే నొప్పి భుజానిది, నడిస్తే వచ్చి నిలబడితే పోయే నొప్పి గుండెదయ్యే అవకాశం ఎక్కువ. ఈ తేడా ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నా కోరిక.

గుండె నొప్పి అంటే ఎడమ భుజమే అని చాలామంది నమ్మకం. అది పూర్తి నిజం కాదు. కుడి భుజానికీ పాకుతుంది, రెండు భుజాలకూ పాకుతుంది, దవడకూ మెడకూ పాకుతుంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవారికి, ఆడవాళ్ళకు, ముసలివారికి ఛాతీలో నొప్పే లేకుండా భుజం లాగడం, చెమట పట్టడం, ఆయాసం, వాంతి వచ్చినట్టుండడం మాత్రమే ఉండొచ్చు. దాన్ని గ్యాసు పట్టేసిందని సోడా తాగి పడుకోవద్దు. భుజం బరువెక్కి, చల్లని చెమటలు పోస్తూ, పది పదిహేను నిమిషాలైనా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోవద్దు. దారిలో గుండె ఆగితే బండి మీద చేయగలిగింది ఏమీ లేదు, అంబులెన్సులో ఉంది.

ఆడపిల్లలకూ, వాళ్ళ తల్లులకూ, భర్తలకూ ఇప్పుడు చెప్పబోయేది మరీ మరీ వినమని మనవి. నేను కొత్తగా డాక్టరునైన రోజుల్లో ఒక రాత్రి డ్యూటీలో ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. సాయంత్రం బాత్రూములో కళ్ళు తిరిగి పడిపోయిందట. పొత్తికడుపులో కాస్త నొప్పి, కుడి భుజం కొసన మాత్రం విపరీతమైన నొప్పి. పడినప్పుడు భుజానికి దెబ్బ తగిలిందనుకుని నేను ఎక్స్‌రే రాయబోయాను. అక్కడున్న పెద్ద సిస్టర్ ఆ అమ్మాయిని చూస్తూ, "డాక్టరుగారూ, పడుకోబెడితే భుజం పట్టుకుని లేచి కూర్చుంటోంది. మొహం పాలిపోయింది. ఒకసారి మూత్రం పరీక్ష చేయిద్దామా?" అంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని భర్త అంటున్నాడు, ఇంక గర్భం పరీక్ష ఎందుకని నేనే అన్నాను. సిస్టర్ పట్టు విడవలేదు. పరీక్షలో గర్భం ఉన్నట్టు వచ్చింది. గర్భసంచిలో కాదు, ట్యూబులో నిలిచిన గర్భం. ఆ ట్యూబు పగిలి పొట్టలో రక్తం చేరుతోంది.

పడుకుంటే భుజం నొప్పి ఎందుకు పెరిగిందో ఇప్పుడు మీకు తెలుస్తుంది. కూర్చున్నప్పుడు అడుగున ఉన్న రక్తం, పడుకున్నప్పుడు పైకి పారి డయాఫ్రాన్ని తాకింది. డయాఫ్రం తన పుట్టింటికి కబురు పెట్టింది. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు, ఆ అమ్మాయి బతికింది. బతికించింది ఆ సిస్టర్ కన్ను. ముప్పై ఏళ్ళు రోగుల పక్కన నిలబడి చూసిన కన్ను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో భుజం నొప్పితో వచ్చిన ఏ వయసు ఆడవారినైనా నెలసరి గురించి అడగకుండా నేను పంపలేదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు మన రెండు రాష్ట్రాల్లో చాలా ఎక్కువ. ఆ ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే, అది ట్యూబులో నిలిచే అవకాశం మామూలు కంటే ఎక్కువ. కాబట్టి నెల తప్పినా, అకాలంగా కొద్దికొద్దిగా రక్తం కనబడుతున్నా, దాంతోపాటు పొత్తికడుపు నొప్పి, కళ్ళు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే, "నాకు ఆపరేషన్ అయింది కదా" అని ఊరుకోవద్దు. తెల్లారనిద్దాం అనుకోవద్దు. అప్పటికప్పుడు ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి.

ఎడమ భుజం కొసన వచ్చే నొప్పికి ఇలాంటి అత్యవసర కారణమే ఇంకొకటి ఉంది. హాన్స్ కెర్ అనే జర్మన్ శస్త్రవైద్యుడి పేరుతో ఈ లక్షణం పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ప్లీహం చిట్లి రక్తం కారుతుంటే ఎడమ భుజం నొప్పెడుతుంది. పిల్లాడు సైకిల్ మీంచి పడ్డాడు, హ్యాండిల్ ఎడమ పక్కటెముకల కింద గుచ్చుకుంది. బైకు మీంచి పడిన కుర్రాడు లేచి దులుపుకుని ఇంటికొచ్చాడు. పైన గీత కూడా లేదు. రాత్రికి ఎడమ భుజం నొప్పి అంటాడు. భుజానికి దెబ్బ తగల్లేదని ఒట్టేసి చెప్తాడు. అప్పుడు పొట్ట చూడాలి. ప్లీహం గాయం కొన్నిసార్లు వెంటనే బయటపడక రెండు మూడు రోజులకో, ఇంకా తర్వాతో రక్తం కారడం మొదలవుతుంది. మలేరియా ఉన్న మన్యం ప్రాంతాల్లో అయితే మరింత జాగ్రత్త కావాలి. మాటిమాటికీ జ్వరాలొచ్చి ప్లీహం పెరిగి ఉంటుంది, దాన్నే పాతవాళ్ళు కడుపులో బల్ల పెరిగిందనేవారు. అలా పెరిగిన ప్లీహం చిన్న దెబ్బకే చిట్లుతుంది.

కుడివైపు, జ్వరంతో కలిసి వచ్చే భుజం నొప్పి కాలేయంలో చీముగడ్డది కావచ్చు. అమీబా వల్ల వచ్చే ఈ గడ్డను తాగుడు అలవాటున్న మగవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. చలిజ్వరం, కుడి పక్కటెముకల కింద బరువు, దీర్ఘంగా ఊపిరి తీస్తే కుడి భుజం కలుక్కుమనడం, ఒక్కోసారి ఆగని ఎక్కిళ్ళు. ఎక్కిళ్ళకు కూడా ఆ మెడ నుంచి దిగిన నరమే కారణం. స్కానింగ్‌లో సులువుగా తెలిసిపోతుంది, మందులతో నయమవుతుంది, గడ్డ పెద్దదైతే సూదితో చీము తీస్తారు.

ఊపిరితిత్తి కొన గురించి కూడా చెప్పాలి. ఊపిరితిత్తుల పైకొస మెడ మొదట్లోకి, భుజానికి వెళ్ళే నరాల కిందికి చొచ్చుకుని ఉంటుంది. అక్కడ కాన్సర్ వస్తే దగ్గు, కళ్ళె లేకుండా ముందు భుజం నొప్పే వస్తుంది. అమెరికాలో హెన్రీ పాంకోస్ట్ అనే ఎక్స్‌రే నిపుణుడు 1924లోనూ, 1932లోనూ ఇలాంటి రోగుల గురించి రాశాడు, ఆయన పేరే ఆ కణితికి ఉండిపోయింది. చుట్ట, బీడీ, సిగరెట్టు చాలా ఏళ్ళు తాగిన మనిషికి భుజంలో రాత్రీపగలూ తగ్గని నొప్పి, అది చెయ్యి లోపలివైపుగా చిటికెన వేలిదాకా దిగడం, పట్టు సడలడం, ఆ వైపు కనురెప్ప కాస్త వాలడం కనిపిస్తే మెడకు ఎక్స్‌రే తీసి ఊరుకోకూడదు, ఛాతీ చూడాలి. మెడ అరిగిందని నెలల తరబడి మందులు వాడి, చేయి దాటాక వచ్చినవాళ్ళను చూశాను. వాళ్ళలో ఎవరినీ మరిచిపోలేకపోతున్నాను.

నొప్పి బిళ్ళల గురించి ఒక మాట. భుజం నొప్పికి, మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళలు జీర్ణకోశం లోపలి పొరను తినేస్తాయి. పరగడుపున నెలల తరబడి వేసుకున్నవారికి అల్సర్ పడి, ఒక్కోసారి అది చిల్లు పడుతుంది. చిల్లు లోంచి ఆమ్లమూ గాలీ పొట్టలోకి వచ్చి డయాఫ్రాన్ని తాకితే ఏమవుతుంది? భుజం నొప్పెడుతుంది. భుజానికని వేసుకున్న బిళ్ళే భుజానికి కొత్త నొప్పిని తెచ్చిపెడుతుంది. ఈసారి పొట్ట చెక్కలా గట్టిపడి ఉంటుంది, క్షణం ఆలస్యం చేయడానికి ఉండదు. వారం దాటిన ఏ నొప్పికైనా డాక్టరు చూడకుండా బిళ్ళలు మింగడం ప్రమాదకరం.

పల్లెల్లో మొదట చూసే ఆర్.ఎం.పి.లకు కూడా ఒక విన్నపం. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది మీరే, ఆ సంగతి నేను ఎప్పుడూ మరవను. ఇంజక్షన్ సిరంజీ తీసేముందు చెయ్యి ఎత్తించి చూడండి. తిండికీ నొప్పికీ, నడకకూ నొప్పికీ సంబంధం ఉందా అడగండి. ఆడవారినైతే నెలసరి అడగండి. ఈ వారంలో ఎక్కడైనా పడ్డారా అడగండి. జ్వరం చూడండి, నాడి చూడండి. అనుమానం వస్తే సూది వేసి నొప్పిని అణచకుండా పెద్దాస్పత్రికి పంపండి.

శ్రోతలారా, మీలో చాలామందికి వచ్చే భుజం నొప్పి భుజానిదో మెడదో అయి ఉంటుంది, భయపడకండి. ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా భుజం పట్టుకుని కూర్చుంటే, మందు సీసా మూత తీసేముందు ఆ చెయ్యి ఒక్కసారి పైకెత్తమనండి. చెయ్యి హాయిగా లేచి, నొప్పి మాత్రం అలాగే ఉంటే, ఇంకెక్కడ ఏం బాధగా ఉందో పక్కన కూర్చుని అడగండి. చెమటలు, ఆయాసం, కళ్ళు తిరగడం, నెల తప్పడం, పొట్టకు దెబ్బ, చలిజ్వరం: వీటిలో ఏ ఒక్కటి ఉందన్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి, భుజం నొప్పితోపాటు ఉన్న ఆ రెండో సంగతిని ముందు చెప్పండి.